పాడె మీద నవ్వు

సినిమావాళ్ళు మా ఊరికి మంచి ఎండల్లో వచ్చారు. వాళ్ళకు కావలసింది కూడా ఆ ఎండే. ముందు ముగ్గురు వచ్చి, చేతివేళ్ళతో చట్రం కట్టి, అందులోంచి తుమ్మ అడవినీ, నెర్రెలిచ్చిన రేగడినీ, మా బొగ్గు బట్టీలనూ చూసుకుని తెగ సంతోషపడ్డారు. మా ఊరు ముత్తుప్పారైని చూసి సంతోషపడ్డ మనుషుల్ని నేను చూడడం అదే మొదలు. పిల్లనిద్దామని వచ్చినవాళ్ళు బస్సు దిగకుండానే టిక్కెట్టు పొడిగించుకుని పోయిన ఊరు మాది.

సర్కారు తుమ్మను మా రామనాథపురం వైపు వేలికాత్తాన్ అంటారు, కంచె కాసేవాడని. దాన్ని నరికి, కాల్చి, బొగ్గు చేసి అమ్ముకోవడమే మా బతుకు. వాళ్ళు సినిమాకు ఆ పేరే పెట్టుకున్నారు. కథలో బొగ్గులు కాల్చే ఇంటి పెద్దకొడుకును ఊరి పెత్తందారు నరికిస్తాడు. చిన్నకొడుకు జైలు నుంచి వచ్చి, నరికినవాళ్ళను ఒక్కొక్కణ్ణే వెతుక్కుంటూ పోతాడు. హీరోది ఆ చిన్నకొడుకు వేషం. రోజూ ఎక్కడో ఒకచోట కొట్లాటే. కొడవళ్ళు చెక్కవి, వెండిరంగు పూసినవి. రక్తం పాకంలో ఎర్రరంగు కలిపింది. దానికి మూగిన ఈగలు మాత్రం మా ఊరివే, నిజమైనవే.

మేం బట్టీల పని మానేసి చూసేవాళ్ళం. ఒకడు గాల్లోకి ఎగరడానికి పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా తాళ్ళు కట్టేవారు. ఎగిరి పడ్డాక అది బాగా రాలేదని మళ్ళీ కట్టేవారు. మా బట్టీ పనిలాగే అదీ ఓపిక పనేనని నాకనిపించింది.

సోణైముత్తు మా పెదనాన్న కొడుకు. నాకంటే పెద్దవాడు. ఇద్దరం కలిసి తుమ్మ కొట్టేవాళ్ళం, కలిసి బట్టీ పేర్చేవాళ్ళం. సన్నగా, నల్లగా, మీసంతో ఉండేవాడు. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడి ముందుపన్ను సగానికి విరిగింది. అప్పట్నించీ నవ్వు వస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. చేతిలో గొడ్డలి ఉంటే గొడ్డలి కింద పెట్టి మరీ మూసుకునేవాడు. అతని భార్య రాక్కాయి వదిన ఆ చేతిని లాగేది. లాగితే ఇంకో చెయ్యి వచ్చేది. తనను కట్టుకున్న మనిషి తిండి తెలుసు, నిద్ర తెలుసు, కోపం తెలుసు, నవ్వు మాత్రం ఇంతవరకూ పూర్తిగా చూపించలేదని బావి దగ్గర ఆడవాళ్ళతో చెప్పి నవ్వించేది.

పెద్దకొడుకు చావు తీసే రోజున చిక్కొచ్చింది. శవం వేషానికి మద్రాసు నుంచి తెచ్చిన మనిషి పాడె చూసి వెనక్కి తగ్గాడు. భార్య నీళ్ళాడబోతోందట, ఆ రోజుల్లో పాడె ఎక్కనని కూర్చున్నాడు. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. ఆ మనిషి చలించలేదు. డైరెక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని మా గుంపును చూశాడు. హీరోకు అన్నలా కనబడేవాడు కావాలి. ఆయన వేలు సోణై అన్న దగ్గర ఆగింది.

వదిన వద్దంది. బతికున్నవాణ్ణి పాడె మీద పడుకోబెట్టడమేమిటి, అది వేషమైనా సరే అంది. అన్న అప్పటికే చొక్కా విప్పుతున్నాడు.

"పుట్టినప్పట్నించీ నిలబడి చేసినదానికే కూలి. పడుకున్నందుకు ఇస్తామని ఇన్నాళ్ళకు ఒకడొచ్చాడు. పొమ్మంటావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. కురుందాయి అవ్వ కలగజేసుకుంది. మా చుట్టుపక్కల ఏ ఊళ్ళో చావు జరిగినా శోకాలు పెట్టడానికి పిలిచేది ఆమెనే. సినిమావాళ్ళూ ఆ పనికే ఆమెను మాట్లాడుకున్నారు. మొగుడు పాడె మీద ఉండగా పెళ్ళాం కళ్ళబడకూడదు, వేషమైనా కూడదు, నువ్వు ఇక్కణ్ణించి వెళ్ళిపో అని వదినతో చెప్పింది. వదిన మారుమాట్లాడకుండా గంప తీసుకుని ఊరికి తూర్పున ఉన్న మా బట్టీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె మాట్లాడకుండా వెళ్ళిందంటే అది తిట్టుకంటే ఎక్కువని అన్నకు తెలుసు. వెళుతున్నంతసేపూ చూశాడు.

అన్నకు నీళ్ళు పోశారు. కొత్తపంచె కట్టి, మెళ్ళో దండ వేశారు. దవడలకు గుడ్డ కట్టారు, నుదుటి మీద నాణెం పెట్టారు, కాళ్ళ బొటనవేళ్ళు రెండూ ఒకటిగా, చేతుల బొటనవేళ్ళు రెండూ ఒకటిగా కట్టారు. అవన్నీ ఎలా కట్టాలో సినిమావాళ్ళకు మావాళ్ళే చూపించారు. పాడె మోసే నలుగురిలో నేనొకణ్ణి. అవ్వ శోకాలు మొదలుపెట్టింది గాని అన్న పేరు ఎత్తలేదు. దొరా అంది, ఏనుగా అంది, ఆరిపోయిన దీపమా అంది. బతికున్నవాడి పేరు పెట్టి ఏడిస్తే దేవుడు ఆ పేరు వింటాడని ఆమె భయం. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళకు మొదట నవ్వొచ్చింది, తర్వాత నిజంగానే ఏడుపొచ్చింది. ఈగ వచ్చి అన్న కనురెప్ప మీద వాలి నడిచింది. అన్న కదల్లేదు. డైరెక్టరు చప్పట్లు కొట్టి, మద్రాసులో కూడా ఇంత బాగా చచ్చేవాడు దొరకడన్నాడు.

వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. శవంగా పడుకున్నవాడు లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ మనిషి మీద తీసిన చివరి ముక్క చావు కాకూడదట, నవ్వు కావాలట. నవ్వాక బూడిద గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తారు. దవడగుడ్డ విప్పి, నాణెం తీసి, అన్నను పాడె మీదే కూర్చోబెట్టారు. చేతివేళ్ళ కట్టు విప్పడం మరిచిపోయారు. కెమెరా పెట్టె వెనక మనిషి వంగాడు. కానీయ్ అన్నారు.

అన్నకు నవ్వు రాలేదు. ఊరంతా ఎదురుగా నిలబడి నవ్వమంటే ఎవడికొస్తుంది? డైరెక్టరు కోతిలా మొహం పెట్టాడు. హీరో వచ్చి చక్కిలిగింత పెట్టబోయాడు. మావాళ్ళు తలో కూతా కూశారు. అన్న అందర్నీ చూస్తూ అలాగే కూర్చున్నాడు. తర్వాత కెమెరా మీదుగా తూర్పుకు చూశాడు. చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. చెయ్యి ఎత్తబోతే రెండో చెయ్యీ దానితోపాటు వచ్చింది, కట్టు ఉండడంవల్ల నోటిదాకా అందలేదు. నోరంతా తెరిచి, విరిగిన పన్నుతో సహా నవ్వాడు. మా ఊరు మొదటిసారి చూసింది ఆ నవ్వు.

గుమ్మడికాయ పగిలాక అన్న మెళ్ళో దండతోనే బట్టీ దగ్గరికి పరిగెత్తాడు. వదిన ఆ వేళ ఒక్కతే బట్టీ అంటించింది. అంటించాక బట్టీ నెత్తిన వదిలిన కంతను, అదే పైకన్నును, మట్టితో మూసెయ్యాలి. మూస్తే పొగ నేలబారున పాకుతుంది, కట్టె లోపల్లోపల మగ్గి బొగ్గవుతుంది. మూయకపోతే లోపల మంట లేచి అంతా బూడిదే. ఆమె మూయలేదు. అన్న వెళ్ళేసరికి సగం బట్టీ పోయింది. మామూలుగా అయితే ఆ మాత్రానికి ఊరు వినేలా తిట్టేవాడు. ఆ రోజు ఒక్క మాట అనకుండా, తడిమట్టి తెచ్చి కన్ను పూడ్చాడు. ఎందుకు తిట్టలేదా అని వదిన చాలాకాలం అనుకుంది.

ఊళ్ళో అందరూ ఆమెకు ఆ నవ్వు గురించే చెప్పారు. గుర్రం సకిలించినట్టు నవ్వాడని ఒకరు. పసిపిల్లాడిలా నవ్వాడని ఒకరు. టీకొట్టు మాయాండి అయితే నవ్వి చూపించేవాడు, చూసినవాళ్ళు అలా కాదని తిట్టేవాళ్ళు. ఊరంతా చూసింది, కట్టుకున్నది చూడలేదు. ఇంట్లో ఒకసారి అలా నవ్వమని వదిన అడిగింది. అన్న చెయ్యి అడ్డం పెట్టుకుని, "సినిమా వస్తుందిగా. టిక్కెట్టు కొనుక్కుని చూడు," అన్నాడు.

సినిమా రాలేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళకూ తీసినవాళ్ళకూ ఏదో తగువు పడి ఆగిపోయిందన్నారు. ఆ ఏడు బొగ్గు ధర కూడా పడిపోయింది. అన్న బోరుబండి పనిలో చేరి ఉత్తరాదికి వెళ్ళాడు. మా వైపు కుర్రాళ్ళు చాలామంది వెళ్ళే పనే అది. అక్కడ ఏదో ఊళ్ళో గొట్టాన్ని పైకి లాగుతుండగా ఇనపతాడు తెగింది. గొట్టం అన్న మీద పడింది.

పెట్టెలో తెచ్చారు. పెట్టెకు మేకులు కొట్టి ఉన్నాయి. వెంట వచ్చినవాళ్ళు నన్ను పక్కకు పిలిచి, తెరవొద్దు, ముఖం చూసేలా లేదు అన్నారు. వదినకు నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. పెట్టె మీద తల ఉండే వైపు ఎటని అడిగింది. చూపించాను. అక్కడ అరచెయ్యి ఆనించి కూర్చుంది, తీసుకెళ్ళేదాకా తియ్యలేదు. అవ్వ ఈసారి అన్న పేరు పెట్టే ఏడ్చింది.

తర్వాత వదిన నాతో కలిసి బట్టీ పని చేసింది. బాగా చేసేది. ఎక్కువ మాట్లాడేది కాదు. నేనూ అంతే కనుక ఇద్దరికీ ఇబ్బంది లేదు. బొగ్గు తూకానికి నేను కముదికి వెళ్ళి వచ్చినప్పుడల్లా మాత్రం ఒకటి అడిగేది. గోడల మీద ఏమైనా అంటించారా, పేపర్లో ఏమైనా వేశారా అని. ఊరి బళ్ళో చదివినవాణ్ణి కనుక అడిగేది. లేదని చెప్పేవాణ్ణి. ఒకసారి ఎందుకంతలా అడుగుతున్నావని నా నోటి నుంచి వచ్చింది.

"పోయేటప్పుడు ముఖం చూడలేదు చెల్లయ్యా," అంది. "బతికున్నప్పుడు నవ్వు చూడలేదు. అది ఒక్కటైనా ఉంది కదా వాళ్ళ దగ్గర. అది చూస్తే చాలు నాకు."

చివరికి ఒక చిత్తిరై నెలలో సినిమా వచ్చింది. కముది గోడల నిండా హీరో, చేతిలో కొడవలి, వెనకాల మా తుమ్మలు. ఊరు ఊరంతా ట్రాక్టరు తొట్టిలో ఎక్కాం. వదిన ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. హాలు ముందు కుర్రాళ్ళు హీరో బొమ్మకు పాలు పోస్తున్నారు. డప్పులు, టపాకాయలు. లోపల మొదటి బొమ్మ పడగానే చెవులు చిల్లులు పడేలా ఈలలు.

మావాళ్ళు కథ చూడలేదు, ఊరిని చూశారు. అదిగో మా గోడ, అదిగో మా మేక అని అరుస్తూనే ఉన్నారు. మాయాండి టీకొట్టు ఒక్క రెప్పపాటు కనబడింది. హీరో దాన్ని లారీతో గుద్దేశాడు. నిజంగా గుద్దలేదు, అట్టలతో ఇంకోటి కట్టి దాన్ని గుద్దారు. అయినా మాయాండి గుండె పట్టుకున్నాడు.

పెద్దకొడుకు చావు వచ్చేసరికి మావాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. వదిన నాకు ముందు వరసలో, అవ్వ పక్కన కూర్చుంది. తెర నిండా అన్న ముఖం. గోడంత ముఖం. నుదుటి మీద నాణెం బండిచక్రమంత ఉంది. కనురెప్ప మీద ఈగ నడిచింది. వదిన ముందుకు వంగింది. అవ్వ గొంతు హాలంతా మోగింది. తర్వాత పాడె లేచింది. నా భుజమూ సగం చెవీ కనబడ్డాయి. పాడె తుమ్మల మధ్యకు పోయింది. వెంటనే రైలు వచ్చింది, రైల్లోంచి హీరో దిగాడు, హాలు ఊగిపోయింది.

వదిన వంగిన మనిషి వంగినట్టే ఉంది. ఇంకా రాలేదు, వస్తుంది అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చచ్చినవాడు కథలో ఎలా నవ్వుతాడని మాలో ఒక్కడికీ తోచలేదు. మేం తీస్తుండగా చూశాం, తీసిందంతా వస్తుందనుకున్నాం. అన్న కలలో వస్తాడేమో, పాత సంగతుల్లో వస్తాడేమో అని ప్రతి కొట్లాట తర్వాతా చూశాను. హీరో అందర్నీ నరికేశాడు. పెత్తందారు మా బట్టీలోనే పడి కాలిపోయాడు. దీపాలు వెలిగాయి.

అందరూ లేచారు. వదిన లేవలేదు. ఇంకా ఉందేమో చూద్దాం అంది. ఊడ్చేవాడు చీపురు పట్టుకుని వచ్చి మా కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. బయటికి వచ్చాక వదిన, మిషను తిప్పేవాడు కత్తిరించి ఉంటాడు చెల్లయ్యా, అడుగు అంది. మా వైపు హాళ్ళలో సినిమా పొడుగైతే కత్తిరించడం ఉంది. నేను మెట్లెక్కి ఆయన గదికి వెళ్ళాను. సంగతి చెబితే ముందు నవ్వాడు. కింద నిలబడి పైకి చూస్తున్న ఆమెను కిటికీలోంచి చూపించాను. నవ్వడం మానేశాడు. తనేమీ కత్తిరించలేదని, అలాంటి ముక్కలు సినిమాలో పెట్టరని, మద్రాసులో కూర్పు చేసే గదిలో ఎక్కడో పడి ఉంటుందని చెప్పాడు.

ఆ మాట వదినకు చెప్పాను. "అయితే ఉందన్నమాట," అంది.

సినిమా బాగానే ఆడింది. మా ఊరి పేరు తెలియనివాళ్ళకు తెలిసింది. ఏదో వారపత్రికవాడు కొట్లాటలు మెచ్చుకుని, కథలో బతికున్నవాళ్ళకంటే చచ్చినవాడే బాగా చేశాడని వెటకారంగా రాశాడట. మాయాండి ఆ కాగితాన్ని గోడకు అంటించాడు, అది పొగడ్తేనని. మావాళ్ళు రెండోసారీ మూడోసారీ వెళ్ళి చూసి వచ్చారు. వదినను పిలిచేవాళ్ళు. చచ్చిన ముఖం చూడ్డానికి నేనెందుకు, అది ఒకసారి చూశాను చాలు అనేది. ఆమె చూపు ఆ ముక్క మీదే ఉంది.

షూటింగు రోజుల్లో మదియళగన్ అని ఒక అసిస్టెంటు డైరెక్టరు ఉండేవాడు. కళ్ళద్దాలు, బక్కమనిషి. కంపెనీ తిండి పడక వదిన ఇంట్లో సజ్జంబలి తాగేవాడు, ఆమెను అక్కా అనేవాడు. వెళుతూ వెళుతూ మద్రాసు వస్తే రమ్మని చిరునామా ఇచ్చాడు. వదిన చల్లమిరపకాయలు మూట కట్టి నా చేతికిచ్చి, వెళ్ళి ఆ తమ్ముణ్ణి అడుగు అంది. ఆ ముక్క ఇస్తే తీసుకురా, ఇవ్వకపోతే ఒకసారి వేసి చూపిస్తారేమో అడుగు, నేను వస్తాను అంది. మదురై దాటి ఎరగని మనిషి.

మద్రాసులో సినిమావాళ్ళుండే సాలిగ్రామంలో ఆ సందు పట్టుకునేసరికి పొద్దెక్కింది. ఒక టీకొట్టు ముందు అతనిలాంటివాళ్ళే చాలామంది నిలబడి ఉన్నారు, అందరి చేతుల్లో పేపర్లు, అందరి చొక్కాలూ ఇస్త్రీవే, ఎవరికీ వెళ్ళాల్సిన తొందర లేదు. మదియళగన్ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. సినిమా ఆడినా తన గతేం మారలేదని, సొంతంగా ఒక కథ రాసుకున్నానని, వినేవాళ్ళ కోసం చూస్తున్నానని చెప్పాడు. అన్న పోయిన సంగతి అతనికి తెలియదు. చెప్పాను. టీగ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

నేను వచ్చిన పని చెప్పి మూట ఇచ్చాను. మూట విప్పి ఒక మిరపకాయ తీసి వాసన చూశాడు, మళ్ళీ కట్టేశాడు. తర్వాత చెప్పాడు. ఫిల్ము ఖరీదైనది. దిష్టి నవ్వుకు ఫిల్ము తిప్పితే మేనేజరు ఊరుకోడు. అందుకని కానీయ్ అంటారు, కెమెరా వెనక మనిషి వంగుతాడు, అంతే. పెద్ద నటులకైతే తిప్పుతారేమో. ఆ రోజు తిప్పలేదు. తను పక్కనే ఉన్నాడు, తనకు తెలుసు.

"అక్కకు ఏం చెప్తారు?" అని అడిగాడు.

బస్సు ఎక్కించడానికి వచ్చాడు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

దారంతా అదే ఆలోచన. నవ్వు లేదని చెప్పడం ఒక ఎత్తు. ఆ నవ్వు తీస్తేనే దిష్టి పోతుందని మా ఊరంతా నమ్మింది. తీయలేదని తెలిస్తే, అందుకే పోయాడని మనసులో పెట్టుకుంటుంది. తప్పిపోయిందని చెబుదామా? అప్పుడు ఇంకా వెతకమంటుంది. కాలిపోయిందని చెబుదామా? ఆ మాట ఆమె ముందు నా నోటితో రాదు. ఏదీ తేలకముందే ఊరు వచ్చింది.

వదిన బట్టీ దగ్గర ఉంది. కట్టె పేర్చడం అయిపోయింది, గడ్డి కప్పి మట్టి మెత్తుతోంది. నా చేతులు చూసింది. చేతుల్లో ఏమీ లేదు.

"దొరకలేదా?" అంది.

"లేదు వదినా."

"పారేశారా?"

నేను వంగి మట్టి తీసుకోబోయాను. ఆమె మెత్తడం ఆపింది.

"అసలు తీశారా, తియ్యలేదా?"

"తియ్యలేదు. తీసినట్టు చేశారంతే."

ఆమె మట్టిచేతులు అలాగే పట్టుకుని నిలబడింది. అందుకే పోయాడన్న మాట ఇప్పుడు వస్తుందని కాచుకున్నాను. ఆమె మళ్ళీ మట్టి తీసుకుంది.

"మీ అన్న తాడు తెగి పోయాడు," అంది. "కెమెరా తిరక్క కాదు. ఈ సంగతి అవ్వ చెవిన వెయ్యకు. శోకంలో కలిపి పాడుతుంది."

సరేనన్నాను. ఒక పక్క ఆమె మెత్తింది, ఒక పక్క నేను మెత్తాను. ఇద్దరి చేతులూ నడిమికి వచ్చాక అడిగింది. ఊళ్ళో అందరూ తలో రకంగా చెప్పారు, పాడె పట్టుకుని పక్కనే ఉన్నవాడివి, నువ్వొక్కడివే ఏమీ చెప్పలేదు అంది.

"నువ్వడగలేదు," అన్నాను.

"ఇప్పుడు అడుగుతున్నాను."

నాకు చెప్పడం రాదు. బట్టీ ఎలా పేర్చాలంటే పేర్చి చూపిస్తాను గాని చెప్పలేను. అందుకని నేల మీద కూర్చున్నాను. కాళ్ళు చాపుకుని, రెండు బొటనవేళ్ళూ కలిపి కట్టినట్టు ఒళ్ళో పెట్టుకున్నాను. ఊరు ఇటు ఉంది, కెమెరా ఇక్కడ ఉంది, డైరెక్టరు అక్కడ గంతులు వేస్తున్నాడు అని చూపించాను. అన్న అందర్నీ చూసి, చివరికి ఇదిగో ఇటు చూశాడు అని ఆమె నిలబడ్డ చోటు వైపు తల తిప్పాను.

"ఇటేముంది?"

"నీ బట్టీ పొగ. తాటిచెట్టులా నిట్టనిలువుగా లేచింది. అది చూసి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. 'ఒరే చెల్లయ్యా, కోపంలో పైకన్ను మూయలేదురా. బట్టీ మొత్తం బూడిద చేసి పెడుతుంది పిచ్చిది' అన్నాడు. అని నవ్వాడు."

ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"పిచ్చిదన్నాడా?"

"అన్నాడు."

"చెయ్యి?"

"ఎత్తబోయాడు. కట్టుంది కదా, ఇంతవరకే వచ్చింది." నా చేతులు గుండె దాకా ఎత్తి ఆపాను. "అందలేదు. ఇంక చేసేదిలేక నవ్వాడు."

"విరిగిన పన్ను కనబడిందా?"

"కనబడింది. దాని పక్కన నాలుక కదలడం కూడా కనబడింది. కళ్ళు రెండూ చిన్నవయ్యాయి. ఎడమది ఎక్కువ మూసుకుంది. సకిలించలేదు. చప్పుడు పెద్దగా లేదు. భుజాలు ఊగాయి. దండలోంచి పూరేకులు రాలాయి. నవ్వడం అయ్యాక కూడా కాసేపు నోరు మూయలేదు, పొగ చూస్తూనే ఉన్నాడు."

నా బతుకులో అంత పొడుగు మాట నేను మాట్లాడింది అదే. ఆమె వింటూ నా ముఖం చూడలేదు, నా చేతుల్నే చూసింది. ఇంకొకసారి పట్టుకోమంది. పట్టుకున్నాను. మట్టి అంటిన వేలితో నా రెండు బొటనవేళ్ళ నడుమ, కట్టు ఉండే చోట ముట్టుకుని తీసేసింది.

"అందుకా ఆ రోజు తిట్టలేదు," అంది.

తర్వాత లేచి, ఎండ పోకముందే మట్టి పని అయిపోవాలి అంది.

ఆ నెలలోనే పక్క ఊరి అమ్మవారి కొడై జాతరలో తెర కట్టి వేలికాత్తాన్ వేశారు. మా ఊరివాళ్ళు చాపలు చుట్టుకుని సాయంత్రమే బయల్దేరారు. మాయాండి వచ్చి వదినను పిలిచాడు. బట్టీ అంటించే పనుంది, మీరు చూసి రండి అంది. ఆ మాటలో బాధ లేదు, నిజంగానే పనుంది.

నేనూ వెళ్ళలేదు. ఇంటిముందు అరుగు మీద కూర్చుని గొడ్డలికి పదును పెడుతున్నాను. తూర్పున పొగ మొదలైంది. మొదట తెల్లగా, చిక్కగా. అప్పటికి పైకన్ను పూడ్చెయ్యాలి, పొగ కిందికి దిగాలి. దిగలేదు. పొద్దు వాలే వెలుగులో తాటిమొద్దులా నిట్టనిలువుగా లేచి నిలబడింది. దారిన పోయే గొర్రెలాయన చూసి, మీ వదిన బట్టీ పోతోందయ్యా, వెళ్ళి మూయకూడదా అన్నాడు.

ఆమెకు తెలుసులే అన్నాను. లేవలేదు.

పొగ అలా కాసేపు నిలబడింది. తర్వాత నడుము దగ్గర సన్నబడింది, పక్కకు వంగింది, మెల్లగా కిందికి దిగి తుమ్మల మీద నేలబారున పాకింది.